గార తీస్తే గోడ నిలబడుతుందా?

మధ్యాహ్నం అన్నాల వేళ నల్లప్ప గోడకు ఎదురుగా కూర్చునేవాడు. మిగతా పనివాళ్ళంతా మెట్ల కింది నీడలో గుండ్రంగా చేరి, క్యారియర్లు విప్పి, ఒకరి చట్నీ ఒకరు రుచి చూస్తూ తినేవారు. ఆయన ఒక్కడే గిన్నె తీసుకొని, పొద్దున తాను పూత పెట్టిన గోడ ముందుకు చేరేవాడు. మాకు ఆయన వీపు మాత్రమే కనిపించేది.

పెనుకొండలో మా ఇంటి మేడ మీద గది కట్టింది ఆయనే. మనిషి సన్నంగా, ఎత్తుగా ఉంటాడు. తలకు ఎప్పుడూ ఒక పాత తువ్వాలు. పనిలో ఉన్నప్పుడు మాట్లాడడు, పని లేనప్పుడూ పెద్దగా మాట్లాడడు. ఆయన కింద చాలా ఏళ్ళుగా పనిచేస్తున్న బసవరాజు దీనికి పూర్తిగా విరుద్ధం. అతని నోరు ఒక్క నిమిషం ఊరుకోదు.

"ఏం మేస్త్రీ, గోడకు తినిపిస్తాండావా?" అని బసవరాజు రోజూ అడిగేవాడు.

"పూత ఆరిందా లేదా చూస్తాండా. నీ రొట్టె నువ్వు తిను."

"అది ఆరేదాకా చూస్తే నీ కూడు ఆరిపోతాది మేస్త్రీ!"

అందరూ నవ్వేవారు. నల్లప్ప కూడా నవ్వేవాడు, అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకొని.

నిజానికి ఆయన చూస్తున్నది గోడను కాదు. జొన్నరొట్టెను మజ్జిగలో మెత్తగా నానబెట్టి, ఎడమ దవడ వైపుకు తోసి, నమిలీ నమలక మింగుతున్నాడు. కింది ముందుపళ్ళు నాలుక తగిలితే ఊగుతున్నాయి. కొరకబోతే ఎక్కడ రాలిపోతాయోనని ఆయన భయం. ఆ ఊగడం ఎవరి కంటా పడకూడదనే ఆ గోడ చాటు.

నల్లప్ప నాయన కూడా బేల్దారే. రాయి మీద రాయి పేర్చి, సున్నం గార మెత్తి కోటలాంటి గోడలు లేపిన మనిషి. యాభై దాటేసరికి ఆయనకు పళ్ళు ఒక్కొక్కటే రాలిపోయాయి. పళ్ళతో పాటు మాటా తగ్గిపోయింది. పెళ్ళిళ్ళలో పంక్తిలో కూర్చోవడం మానేశాడు. ఇంట్లో కూడా పళ్ళెం పట్టుకొని గోడవైపు తిరిగి, పలచగా కలిపిన సంగటి జుర్రుకొని లేచేవాడు. పిల్లలు పక్కన చేరితే "ఆడికి పోండి" అని కసిరేవాడు. నల్లప్పకు తన నాయన ముఖం కంటే ఆ వీపే ఎక్కువ గుర్తుంది. ఇప్పుడు తనకూ ఆ వయసు వచ్చింది. అందరితో కలిసి కూర్చొని నాలుగు మెతుకులు తినలేని మనిషిగా మిగిలిపోతానేమోనన్నది ఆయనను తొలిచేసే దిగులు.

ఈ సంగతి ఆయన భార్య చౌడక్కకు తెలిసింది ధర్మవరం పోయి వచ్చిన రోజున. అక్కడ ఆమె చెల్లెలు సిద్ధమ్మ కొత్త ఇంట్లో చేరుతూ చుట్టాలను పిలిచింది. ఆకుల్లో ఓళిగలు, వడలు, చిత్రాన్నం వడ్డించారు. నల్లప్ప కడుపులో బాగాలేదని చెప్పి, గిన్నెలో ఇంత పెరుగన్నం పెట్టించుకొని, వెనక వరండాలో గోడకేసి తిరిగి తిన్నాడు. సిద్ధమ్మకు కోపం వచ్చింది.

"ఏమక్కా, బావకు మా ఇంటి కూడు సయించలేదా? గోడ వంకరగా ఉండాదని అలిగినాడా?"

తిరుగు బస్సులో చౌడక్క మొగుణ్ణి నిలదీసింది. చౌడక్క వయసులో ఉన్నప్పుడు ఆయనకే సిమెంటు బొచ్చెలు అందించిన మనిషి. ఎంత బరువైనా మోయగలదు, చెల్లెలి చేత మాట పడటం మాత్రం మోయలేదు.

"కడుపు నొప్పి అని నాతో ఏంటికి చెప్పలే? పొద్దున చెంబెడు కాఫీ తాగితివి కదయ్యా!"

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆమె ఊరుకునే రకం కాదు. చివరికి ఆయన కింది పెదవిని వేలితో లాగి చూపించాడు. చిగుళ్ళు ఉబ్బి ఎర్రగా ఉన్నాయి. పళ్ళ మొదళ్ళలో పసుపూ నలుపూ కలిసిన పెచ్చు గట్టిగా పేరుకుపోయి ఉంది. వేలు తగిలిన చోట రక్తం ఊరింది.

"అయ్యో సామీ! ఇది ఎన్నాళ్ళ నుంచి?"

"ఉండాదిలే. గమ్మునుండు. బస్సులో అందరూ చూస్తాండారు."

ఆ వారంలోనే చౌడక్క ఆయన్ను హిందూపురం తీసుకుపోయింది. అక్కడ పళ్ళ డాక్టరు మాధవీలత. చిన్న వయసే అయినా ఓపిక గల మనిషి అని మా వీధిలో పేరు. ఆమె నల్లప్పను కుర్చీలో వెనక్కి పడుకోబెట్టి, చిన్న అద్దం పెట్టి అన్ని పళ్ళూ చూసింది. పొగాకు వేస్తారా అని అడిగింది. ఆకూ వక్కతో పాటు కాస్త వేస్తానని ఆయన ఒప్పుకున్నాడు. దేనితో తోముతారంటే, బొగ్గుపొడీ ఉప్పూ అన్నాడు.

"పెద్దాయనా, గార బాగా పట్టింది. పళ్ళ సందుల్లో, చిగుళ్ళ కింద, అంతా గారే. మొదట అది తీసేయాలి. తీస్తేనే ఉన్న పళ్ళు నిలబడతాయి."

నల్లప్ప నోరు మూసేశాడు. ఛాతీ మీద కట్టిన కాగితం తువ్వాలు తీసి పక్కన పెట్టాడు. "సరే మేడం, మల్ల వస్తాం" అని లేచి, చెప్పులేసుకొని బయటికి నడిచాడు. చౌడక్క డాక్టరుకు ఏం చెప్పాలో తెలియక చేతులు జోడించి వెనకే పరుగెత్తింది.

"సూదికి భయపడినావా?" రోడ్డు మీద అడిగింది.

"సూది కాదే. ఆయమ్మకు బేల్దారి పని తెల్దు."

"ఆయమ్మ పళ్ళ డాక్టరు కదయ్యా! బేల్దారి పని ఏంటికి తెలియాల?"

"గార తీస్తే నిలబడతాయంట! గార తీస్తే యాడన్నా గోడ నిలబడుతాదా?"

మన భాషలో ఈ రెండింటికీ ఒకే మాట. గోడకు మెత్తే సున్నపు ముద్దా గారే, పళ్ళకు పట్టే పెచ్చూ గారే. మనలో చాలామందికి ఆ మాట విన్నప్పుడు పళ్ళే గుర్తొస్తాయి. నల్లప్పకు మాత్రం గోడ గుర్తొచ్చింది. అంతకంటే ముందు, రొద్దం దగ్గరి ఒక పాత బావి గుర్తొచ్చింది. ఆయన కుర్రవాడుగా ఉన్నప్పుడు నాయనతో ఆ బావి ఒర బాగుచేయడానికి పోయాడు. తోటి పనివాడొకడు పాత గార చెడిపోయిందని రాళ్ళ సందుల్లోంచి గడ్డపారతో పెకలించుకుంటూ పోయాడు. చూస్తుండగానే ఒక వరుస రాళ్ళు కదిలి ధబధబా నీళ్ళలో పడ్డాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ, నాయన వేసిన కేక నల్లప్ప చెవుల్లో ఉండిపోయింది. "గార పీకితే రాయి దేన్ని పట్టుకొని ఉంటాదిరా!"

అందుకే డాక్టరు మాట విన్నాక ఆయన ఇంకా జాగ్రత్తపడ్డాడు, కాకపోతే తలకిందులుగా. ఆ పెచ్చు ఊడిపోతే పళ్ళకు ఆధారం పోతుందని ముందుపళ్ళ దగ్గర వేలు పెట్టడమే మానేశాడు. బొగ్గుపొడి దవడ పళ్ళకు మాత్రమే. నొప్పిగా ఉంటే చిగురుకు ఆనించి కాస్త పొగాకు పెట్టుకునేవాడు. మొద్దుబారి హాయిగా ఉండేది. అది తగ్గడం అనుకున్నాడు. లోపల మాత్రం చిగురు పంటిని వదిలేస్తూనే ఉంది.

కొన్నాళ్ళకు ఒక రోజు పొద్దున, ఇంట్లో సంగటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఏదో గట్టిగా తగిలింది. ముఖం చిట్లించి అరచేతిలోకి ఉమ్మాడు.

"ఏమే, రాగుల్లో రాళ్ళు చూసుకోవా?"

చౌడక్క వంగి చూసింది.

"రాయి కాదయ్యా. నీ పన్ను."

నొప్పి లేదు, పెద్దగా రక్తం లేదు. మాగిన పండు తొడిమ వదిలేసినట్టు వచ్చేసింది. నల్లప్ప నాలుకతో ఆ ఖాళీని ఒకసారి తడిమి చూసుకున్నాడు. తర్వాత పళ్ళెం ఎత్తి, అలవాటుగా గోడ వైపు జరిగాడు. ఇంట్లో ఉన్నది చౌడక్క ఒక్కతే అయినా జరిగాడు. అది చూసి ఆమె వంటింట్లోకి పోయి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మొగుడి మీద జాలీ కోపమూ కలిసి వచ్చాయని తర్వాత మా అమ్మతో చెప్పుకుంది.

కాసేపటికి ఆమె బయటికి వచ్చి, "తే ఇట్ల, ఇంటి మీదికి విసిరేస్తా" అంది. పిల్లలకు పాలపళ్ళు ఊడితే అలాగే ఇంటి కప్పు మీదికి విసురుతారు.

"పిల్లోళ్ళకైతే మల్ల వస్తాది. నాకు యాడ వస్తాది?" అని నల్లప్ప పిడికిలి మూశాడు.

పన్ను కడుక్కొని వాకిట్లోకి పోయాడు. ఎండలో పట్టుకొని, ఇటుక పగిలితే అంచు చూసినట్టు, అటూ ఇటూ తిప్పి చూశాడు. పన్ను పొడుగ్గా ఉంది. సగానికి పైగా చిగురు లోపల ఉండాల్సిన భాగమే. దాని చుట్టూ కిందిదాకా గార పట్టి ఉంది, నల్లగా, గరుగ్గా. గోరుతో గీకాడు, రాలేదు. అంత గట్టిగా పంటిని పట్టుకొని ఉంది. మరి పన్ను ఎందుకు ఊడింది?

ఆయన అక్కడే కూర్చుండిపోయాడు. గోడలో గార అయితే ఇటు రాయినీ పట్టుకుంటుంది, అటు రాయినీ పట్టుకుంటుంది. ఇది పంటిని ఒక్కదాన్నే పట్టుకొని ఉంది. రెండోవైపు దేనినీ పట్టుకోలేదు. గార ఎక్కడిదక్కడే ఉండగా గోడ కూలితే ఆ తప్పు ఎక్కడుందో వెతకడం ఆయనకు తెలుసు. పన్నును ఒక కాగితంలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. చౌడక్కను రమ్మని కూడా అనలేదు. ఆమే తాళం వేసి వెంట నడిచింది.

మాధవీలత ఆయన్ను గుర్తుపట్టింది. మొదటిసారి లేచి వెళ్ళిపోయినందుకు ఏమీ అనలేదు. నల్లప్ప కాగితం విప్పి బల్ల మీద పెట్టాడు.

"మేడం, ఒక మాట అడగాల. ఈ గార దేన్ని పట్టుకొని ఉండాది?"

ఆమెకు అర్థం కాలేదు. చౌడక్క అందుకుంది.

"ఈయన బేల్దారి మేడం. గార తీసేస్తే పళ్ళు పడిపోతాయని ఆ పొద్దు లేచి వచ్చేసినాడు. అది సిమెంటు అనుకున్నాడు, ఈ తిక్క మనిషి!"

మాధవీలత నవ్వబోయి, నల్లప్ప ముఖం చూసి ఆగింది. కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"అందుకా! నేను రోజూ వాడే మాటే. దానికి ఇంకో అర్థం ఉందని నాకూ తోచలేదు. చూడు పెద్దాయనా, ఇది కట్టినది కాదు, పట్టినది. తిన్నది పంటి మొదట్లో పాచిగా నిలుస్తాది. రోజూ సరిగ్గా తోమకపోతే ఉమ్మిలోని సున్నం కలిసి రాయి మాదిరి గట్టిపడుతాది. దాని మీద క్రిములు కాపురం పెడతాయి. చిగురు ఉబ్బి పంటి నుంచి దూరం జరుగుతాది. సందు దొరికింది కదా అని గార ఇంకా కిందికి దిగుతాది. అడుగున ఎముక కరిగిపోతాది. పన్ను నిలబడేది ఆ ఎముకలో. గారలో కాదు."

తర్వాత ఎక్స్‌రే తీసి తెర మీద చూపించింది. పక్క పళ్ళ చుట్టూ ఎముక ఎక్కడిదాకా ఉండాలో, ఎక్కడికి దిగిపోయిందో గీత గీసి చెప్పింది. నల్లప్ప ఆ గీతను చాలాసేపు చూశాడు.

"పునాది మట్టి కొట్టుకుపోయింది" అన్నాడు మెల్లగా. "పైన పెచ్చు చూసుకొని గోడ బాగుండాదనుకున్న్యా."

ఆయన్ను మళ్ళీ పడుకోబెట్టి, మాధవీలత అద్దం పిడితో ఒక్కొక్క పంటి మీదా తట్టడం మొదలుపెట్టింది. టక్, టక్. నల్లప్ప కళ్ళు తెరిచాడు. తాపీ పిడితో పూతను తట్టి, ఎక్కడ బోలుగా మోగితే అక్కడ పెచ్చు లేపి మళ్ళీ మెత్తడం ఆయన రోజూ చేసే పనే.

"బోలు చూస్తాండావా మేడం?"

"అట్లాంటిదే. ఎక్కడ నొప్పి పుడుతుందో చెప్పు."

"సరే, తీసెయ్" అన్నాడాయన, తాను అడగాల్సింది అయిపోయినట్టు.

ఒక్కసారితో అయ్యే పని కాదని ఆమె ముందే చెప్పింది. రక్తంలో షుగర్ చూపించుకు రమ్మంది. షుగర్ ఎక్కువుంటే చిగుళ్ళు త్వరగా మానవట. పరీక్షలో నిజంగానే ఎక్కువుందని తేలింది. పెనుకొండ ప్రభుత్వాసుపత్రిలో మాత్రలు రాశారు. ఆ తర్వాత మాధవీలత పైన కనిపించే గార ముందు తీసింది. నీళ్ళు చిమ్ముతూ కీచుమనే యంత్రంతో. అది పళ్ళను అరగదీయదు, సన్నగా అదురుతూ పెచ్చును మాత్రం వదిలిస్తుందని వివరించింది. చిగుళ్ళ అడుగున ఉన్నదాన్ని మొద్దుబారే సూది వేసి, ఒక్కో పక్కా, వేరు వేరు రోజుల్లో తీసింది.

మొదటిసారి చేయించుకొని ఇంటికొచ్చిన రోజు నల్లప్ప మళ్ళీ బెదిరిపోయాడు. చల్లటి నీళ్ళు తాగితే పళ్ళు జివ్వుమన్నాయి. నాలుకకు పళ్ళ మధ్య సందులు తగిలాయి, ఇంతకుముందు లేనివి.

"చూసినావా? నేను చెప్పలే? సందులు పడినాయి!" అన్నాడు చౌడక్కతో.

"మేడం ఈ మాట ముందే చెప్పింది కదా. గార కూర్చున్న చోటు ఖాళీ అయింది. వాపు తగ్గితే చిగురు బిగుసుకుంటాదంట, కొంచెం కిందికి జరుగుతాదంట. జివ్వుమనేది కొన్నాళ్ళకు పోతాదంట. నువ్వు పూత పెట్టినాక ఇంటోళ్ళు ఊరికే వచ్చి గోడ ముట్టి చూస్తే తిట్టవా?"

ఆయన సందులు తడమకుండా నాలుకను కట్టిపెట్టుకున్నాడు. మానుకోవడం కష్టమైంది మాత్రం పొగాకు. పనిలో చెయ్యి దానంతటదే జేబులోకి పోయేది. చౌడక్క ఆ జేబులో సోంపు పొట్లం పెట్టింది. కొన్ని రోజులు అందరి మీదా విసుక్కున్నాడు. బసవరాజు మీద మరీ. ఒకటి రెండు సార్లు తప్పాడు కూడా. అయినా మానాడు.

బ్రష్ పట్టుకోవడమూ కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది. మొదట్లో గోడకు పాచి గీకినట్టు బలంగా రుద్దాడు. మాధవీలత చూసి ఆపింది. మెత్తటి బ్రష్‌ను చిగురు అంచున కాస్త వాలుగా ఆనించి, చిన్నగా కదిలించమంది. రాత్రి పడుకునే ముందు తప్పకుండా తోమమంది. సందుల కోసం సీసా కడిగే బ్రష్‌లా ఉండే ఒక చిన్న బ్రష్ ఇచ్చింది.

"చివరి పూతకు తాపీ ఎట్ల ఆడిస్తామో అట్ల" అని ఆయన తనకు తానే చెప్పుకున్నాడు. మర్నాటి నుంచి రక్తం తగ్గింది అని చెప్పను. కొన్ని వారాలు పట్టింది. ఒక రోజు ఉమ్మితే నీళ్ళు తెల్లగా వచ్చాయి.

చిగుళ్ళు కుదుటపడ్డాక మాధవీలత ఒక మాట అడిగింది. ఊడిన పన్ను ఇంకా ఉందా అని. నల్లప్ప జేబులోంచి కాగితం తీశాడు. చౌడక్క ఆశ్చర్యపోయింది. "ఇంకా మోస్తాండావా!"

మాధవీలత ఆ పన్ను మీది గారంతా గీకేసింది. కింది వేరు కోసేసి, పైభాగాన్ని శుభ్రం చేసి, ఊగుతున్న పక్క పళ్ళ మధ్య ఖాళీలో నిలబెట్టింది. పళ్ళ వెనక సన్నటి తీగ ఒకటి పొడుగునా ఆనించి, పంటి రంగులో ఉన్న మెత్తటి ముద్దతో అన్నింటినీ కలిపి అతికించింది. తర్వాత నీలం దీపం ఒకటి పట్టింది. ఆ వెలుతురుకు ముద్ద రాయిలా గట్టిపడింది.

"ఇదేం దీపం మేడం?" నోరు కదలగానే అడిగాడు.

"క్యూరింగ్ లైటు."

"ఇంత తొందరగా క్యూరింగా! మేం సిమెంటుకు వారం పొడుగునా నీళ్ళు పడతాం కదా!"

ఈసారి ముగ్గురూ నవ్వారు. అద్దంలో చూసుకుంటే ఆయన పన్నే ఆయన వరుసలో ఉంది, కొంచెం పచ్చగా. పాత గోడలో పడిపోయిన రాయిని కడిగి అదే చోట పెట్టడం ఆయనెన్నోసార్లు చేశాడు. చాలాసేపు అద్దం కింద పెట్టలేదు.

మాధవీలత దాచలేదు. పోయిన ఎముక తిరిగి రాదు. ఇది కొన్నేళ్ళు నిలవొచ్చు, ముందే వదలొచ్చు. వదిలితే అప్పుడు కట్టుడు పళ్ళ సంగతి చూద్దాం. ముందుపళ్ళతో గట్టివి కొరకవద్దు. మూడు నాలుగు నెలలకొకసారి వచ్చి శుభ్రం చేయించుకోవాలి. "గార మళ్ళీ పడుతుంది. పట్టినప్పుడల్లా తీయాలి" అంది.

"తీద్దాంలే మేడం. ఇప్పుడు తెలిసింది కదా."

ఈ వేసవిలో మా ఎదురింటికి పిట్టగోడ కడుతున్నారు. మధ్యాహ్నం కాగానే పనివాళ్ళంతా చేతులు కడుక్కొని, నీళ్ళ డ్రమ్ము పక్క నీడలో గుండ్రంగా కూర్చున్నారు. ఎవరో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు తెచ్చారు. నల్లప్ప గిన్నె పట్టుకొని ఎప్పటిలాగే గోడ దగ్గరికి నడిచి, ఒక్క క్షణం నిలబడి, వెనక్కి తిరిగాడు.

బసవరాజు ఎప్పటిలాగే నోరు తెరిచాడు.

"ఏం మేస్త్రీ, పూత ఆరిందా?"

"ఆరిందిలే. నువ్వు కొంచెం జరుగు."

బసవరాజు జరిగాడు. నల్లప్ప ఆ సందులో ఇరుక్కొని కూర్చొని, ఒక కాయ ఒలిచి, గింజలను దవడ వైపుకు వేసుకొని నమలడం మొదలుపెట్టాడు.